కన్ను పెట్టని బొమ్మ

208వ రోజు

చట్టప్రకారం ఈ పుస్తకంలో నేను రాయాల్సినవి నాలుగు ముక్కలు. కూర్చున్నవాడి పేరు, ఊరు, ఎన్ని పూటలు కూర్చున్నాడు, కన్ను ఎప్పుడు పెట్టాను. అంతే. కానీ నాలుగు ముక్కలతో నోరు మూసుకునే అలవాటే ఉంటే నేను సైన్‌బోర్డులు రాసుకుంటూ సుఖంగా బతికేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఈ పట్నం గోడల మీద పేరు పెట్టి మరీ తిట్టాను. కాలవలు ఎండబెట్టినవాళ్ళని తిట్టాను, ఎండినందుకు ఎగువోళ్ళ మీద యుద్ధం అన్నవాళ్ళని తిట్టాను. ఆఖరికి యుద్ధం రానే వచ్చింది, జక్కుల దాసు అనే నన్ను పట్టుకొచ్చి ఇదే యుద్ధానికి బొమ్మలు గియ్యమన్నారు. కాబట్టి వెనక పేజీలు నావి.

ఇవాళ కొత్తవాడు కూర్చున్నాడు. మా బొమ్మల డిపో ఒకప్పుడు కల్యాణ మండపం. పెళ్ళికొడుకు కుర్చీ, ఎర్ర మఖమలుది, అలాగే ఉంది. సిపాయిల్ని అందులోనే కూర్చోబెడతాం. కూర్చున్న ప్రతివాడూ "పెళ్ళికూతురేదండీ" అని ఒకటే జోకు. ఇతను వెయ్యలేదు. కుర్చీ చేతికి అంటి ఎండిపోయిన గంధాన్ని గోటితో గీకి, "నిజంగానే ఎవరికో పెళ్ళయిందన్నమాట ఇక్కడ" అన్నాడు.

శీలం ఏసుపాదం. ఇరవై మూడేళ్ళు. కాలవ నీటికి తలుపులు కట్టిన ఏడో లాకు దగ్గర కాపలా సిపాయి. దండోరాలో ప్రతి బుధవారం 'లాకు మీంచి' అని రాసే పాదం ఇతనే. దండోరా అంటే సైన్యంవాళ్ళ గోడపత్రిక. అందులో జనం నిలబడి చదివేది ఆ ఒక్క మూలే. కాలవలో కొట్టుకొచ్చిన దూడని ఇటునుంచి ఇతనూ అటునుంచి ఎగువోళ్ళ సిపాయీ ఒకే తాడు పట్టుకుని లాగారని రాశాడు. అందులో సగం పైవాళ్ళు కొట్టేశారట. మిగతా సగం చదివే మా వీధి వాళ్ళు రెండు రోజులు మాట్లాడుకున్నారు.

"బాగా రాస్తావు. కానీ ఎవడి గోడ మీద రాస్తున్నావో తెలుసా?" అన్నాను.

"మీరు ఎవడి గోడకి గీస్తున్నారు బాబాయ్?"

గడ్డం కొంచెం పైకెత్తమన్నాను.

210వ రోజు

రెండో పూట. పొద్దున్నే పూర్తయిన బొమ్మలన్నీ పొడిగుడ్డతో తుడిచాను. ఇది రోజూ పని. మంచినీళ్ళు రేషను చీటీకి రెండు చెంబులు. వాటితో కుంచె కడిగితే తాగడానికి ఉండవు. కాలవ నీళ్ళతో కడుగుతాను. సముద్రం ఎక్కిన కాలవ అది. రంగు ఆరాక మొహాల మీద ఉప్పు పూస్తుంది, తుడిస్తే మర్నాటికి మళ్ళీ పూస్తుంది.

పాదం కళ్ళజోడు మహా దళసరి. ఎడమ కాడ విరిగితే ఆకుపచ్చ వలదారం చుట్టి కట్టారు. అక్క కట్టిందట. రత్నమణి అని, ఉప్పరలంకలో వలలు అల్లుతుంది.

"జోడు తీసెయ్యనా? మెరుస్తోందా?"

"ఉంచు. జోడు లేకపోతే నువ్వు కాదు."

"జోడు లేకపోతే నా చెయ్యి నాకే కనపడదు బాబాయ్. పడుకున్నా తియ్యను. లాకు మీద అంతా నన్ను చూసి నవ్వుతారు, కలలు కూడా మసకగా వస్తాయా అని."

తర్వాత అన్నాడు, "ఇన్నాళ్ళూ నా బొమ్మ లేకుండానే వేశారు కదా. ఇప్పుడెందుకంట?"

"అసలు పాదం అనేవాడు ఉన్నాడా, యంత్రం రాస్తోందా అని జనం అనుమానపడుతున్నారు."

"నన్నే?" అని పకపకా నవ్వాడు.

అనుమానపడరా మరి? తెర మీద మనిషిని నమ్మే కాలం పోయి పన్నెండేళ్ళయింది. చచ్చిపోయిన తండ్రి వీడియోకాల్‌లో కనపడి, పొలం రాసిచ్చెయ్యరా అని ఏడ్చిన కేసులు మా వీధిలోనే మూడు. ఆ యంత్రాలు చేసినవాళ్ళని ఏం చెయ్యలేక, చేతిబొమ్మ చట్టం తెచ్చారు. మనిషి ఎదురుగా కూర్చోవాలి. మనిషే గియ్యాలి. కంట్లో తెల్లచుక్క అన్నిటికన్నా ఆఖర్న, అతని ఎదురుగానే పెట్టాలి. విగ్రహాలు చేసేవాళ్ళ ఆచారం అది, చట్టంలోకి ఎక్కించేశారు. నాస్తికుణ్ణి నేను, నా చేతికే తగిలింది. చుక్క పెట్టి కింద రాయాలి: ఎదురుగా ఉండగా కన్ను పెట్టాను. ఇక ఆ మనిషి ఉన్నట్టే. ఆ బొమ్మ ముద్రతో ఉత్తరాలు నడుస్తాయి, ఆ బొమ్మ కింద ఏ మాట వేసినా అతను అన్నట్టే. ఇన్ని గ్రంథాలు రాసి, ఇన్ని శాస్త్రాలు చదివి, మనం ఆఖరికి ఒక ఆవగింజంత తెల్లరంగుని నమ్ముకుని బతుకుతున్నాం. ఆ తెల్లరంగు నా దగ్గరుంది.

211వ రోజు

మూడో పూట. బొమ్మ అయిపోయింది. కన్నే తరవాయి. కుంచె తెల్లరంగులో ముంచాను.

"ఆగండి బాబాయ్" అన్నాడు పాదం. "నేను తిరిగొచ్చాక పెట్టండి."

"అదెలా కుదురుతుంది?"

"నేను లేనప్పుడు నా మొహం కింద నేను రాయని మాట పడకూడదు. నాకున్నది ఆ పత్రికలో ఒక్క మూలే. ఎగువోళ్ళని పురుగులని నాచేత ఎవడో అనిపిస్తాడు. ఆ తాడు అటు పట్టుకున్నవాడు చదువుతాడేమో. దండోరా అటు కూడా పోతుంది తెలుసా? మూటలు కట్టుకోడానికి."

"భయమా?"

"చావంటే మామూలు భయమే. ఇదంటే ఎక్కువ."

కుంచె కడిగేశాను. మాటిచ్చాను. ఉపన్యాసాలు ఇచ్చినంత తేలిగ్గా మాటిచ్చేస్తాను నేను. అది నా జబ్బు. అతను సాయంత్రం లారీలో ఏడో లాకుకి వెళ్ళిపోయాడు.

219వ రోజు

మా సూపర్నెంటు లక్కింశెట్టి గవరయ్య గారు వచ్చారు. మంచి మనిషి. ఇది వెటకారం కాదు. నాకు దగ్గొస్తే తన చెంబు నీళ్ళు నాకిచ్చిన మనిషి.

"మాస్టారండీ, పాదంగారి బొమ్మ ఇంకా కన్ను కాలేదంటండి. ఆయన రాడానికి వీలవదు. మామూలుగా కానిచ్చెయ్యండి."

మామూలుగా. ఆ మాట ఇక్కడ రాసి, దాని పక్కన నా సంగతి రాయకపోతే నేనూ దండోరాతో సమానం. మామూలు అంటే ఇది. నాలుగో నెలలో ఒక సిపాయి కన్ను పెట్టకముందే లారీ ఎక్కాల్సి వచ్చింది. "రెండు చుక్కలేగా మాస్టారూ, ఇంటిదగ్గర ముసలమ్మ ఉత్తరం కోసం చూస్తంది" అన్నారు గవరయ్యగారు. పెట్టాను. ఎదురుగా ఉండగా అని రాసి సంతకం చేశాను. రెండోది ఇంకా తేలిక. ఇప్పటికి ముప్పై ఒకటి.

"జోడు మెరుపు కుదరలేదండి. అద్దం వెనక కన్ను కదా, అది కుదరందే చుక్క ఎక్కడ పెట్టాలో తెలీదు" అని అబద్ధం ఆడాను.

"కుదిర్చెయ్యండి మరి. దండోరా వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

224వ రోజు, శుక్రవారం

చూపుల రోజు. వారానికోసారి మండపం వంటశాల గోడకి కట్టిన బొమ్మల్ని ఇళ్ళవాళ్ళకి చూపిస్తాం. పది గంటలకి తలుపు తీస్తారు. ఆడవాళ్ళు వాళ్ళవాళ్ళ బొమ్మ ముందు నిలబడి, ముందు కన్ను చూస్తారు. చుక్క ఉంది. హమ్మయ్య అనుకుని, కొంగుతో ఉప్పు తుడిచి, తెచ్చుకున్న ఉత్తరం బొమ్మకే చదివి వినిపించి వెళ్తారు. గవరయ్యగారి అల్లుడిది పద్నాలుగో బొమ్మ. కూతురు లీలావతి ప్రతి వారం వస్తుంది. అల్లుడి ఉత్తరాలు శనివారం భోజనాల దగ్గర ఈయనే పైకి చదువుతారట.

ఇవాళ రత్నమణి వచ్చింది. పొడుగ్గా, వేళ్ళ నిండా దారపు కోతలతో ఉంది. పాదం బొమ్మ నా బల్ల దగ్గరే ఉంది, అక్కడికి తీసుకెళ్ళాను.

"నా దారం గీసేరండి!" అని ముచ్చటపడింది. అంతలో కళ్ళు చూసింది. "చుక్కేదండి?"

"అతనే వద్దన్నాడమ్మా. తిరిగొచ్చాక పెట్టమన్నాడు."

"వాడి మాటకేంలెండి. చిన్నప్పుడు సున్నం వెయ్యొద్దని గోడని కావిలించుకుని నించున్నాడు, దాని మీద ఏదో రాసుకున్నాడంట. పెట్టెయ్యండి మాస్టారు. ఇదివరకు సెలవుకొచ్చేవాళ్ళ చేత చీటీలు పంపేవోడు. చెవిలో మందేసుకున్నావా లేదా మొద్దుదానా అని. ఇప్పుడవీ లేవు. చుక్క ఉంటే ఉత్తరాలొస్తాయంట కదా?"

"వస్తాయి."

"మరి పెడితే మీ సొమ్మేం పోయిందండి?"

మాటిచ్చానన్నాను.

"మీ మాట మీకు ముఖ్యం. నాకు ఉత్తరం ముఖ్యం" అని వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళుగా జనం కోసం మాట్లాడుతున్నానని చెప్పుకుంటాను నేను. ఆ జనంలో ఒక మనిషి నన్ను చుక్క అడిగింది, లేదనేశాను.

226వ రోజు

అసలు పని మార్పు చీటీలది. బతికున్న మొహం ఒకలా ఉండదు. పన్ను ఊడుతుంది, చెంప కాలుతుంది, గడ్డం కింద కుట్లు పడతాయి. దళం నుంచి చీటీ వస్తుంది, ఫలానావాడికి ఎడమ కనుబొమ మీద గాటు, బొమ్మలో చేర్చవలెను అని. నేను చేరుస్తాను. లేకపోతే రేపు వాడు ఇంటికొచ్చినా, బొమ్మతో పోలిక లేదని గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇవాళ చీటీల కట్ట విప్పి వరసగా పేర్చాను. ఎదురుగా కన్ను పెట్టినవి నూట పన్నెండు. వాటికి చీటీలు ఎనభై ఏడు. ఎదురుగా లేకుండా పెట్టినవి ముప్పై ఒకటి. వాటికి చీటీలు ఒక్కటీ లేవు.

మళ్ళీ చూశాను. నాలుగు నెలల్లో ముప్పై ఒక్కమందిలో ఒక్కడికీ పన్ను ఊడలేదు. ఒక్కడికీ గాటు పడలేదు. ఒక్కడు జుట్టు తీయించుకోలేదు. ఎవరికి మారవు మొహాలు?

నాకు తెలియదా ఇది? కట్ట నా బల్ల కిందే ఉంది. చీటీలు నా చేతి మీదుగానే వచ్చాయి. కార్యకర్తల క్లాసుల్లో గంటలకొద్దీ చెప్పానే, కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకపోవడం కూడా ఒక పక్షం వహించడమేనని! ఆ వాక్యం అచ్చేసిన కరపత్రం ఇంట్లో ఇంకా ఉంది. ఎదుటివాడి మీదికి విసరడానికి బాగా పదునుగా చేసుకున్న వాక్యం. పిడి వైపు ఎప్పుడూ చూసుకోలేదు.

ఒకళ్ళిద్దరు బతికే ఉండొచ్చు. అదీ నిజమే. ఎవరో నాకు తెలియదు. తెలియకుండానే సంతకం పెట్టాను.

228వ రోజు

గవరయ్యగారు మధ్యాహ్నం ఉత్సాహంగా వచ్చారు. "మీ ఇబ్బంది తీర్చేశానండీ మాస్టారూ" అని జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పారు.

దళసరి కళ్ళజోడు. ఎడమ కాడకి ఆకుపచ్చ వలదారం. కుడి అద్దం మీద ఉప్పు పేరుకుంది.

"ఎదురుగా పెట్టుకుని మెరుపు చూసుకోండి. ఇంక కన్ను పెట్టడానికి అడ్డేముందండి?"

ఆయనకి ఇంకా అర్థం కాలేదు. నేను అడిగిన సామాను తెచ్చిచ్చిన సంతోషంలో ఉన్నారు.

"ఎక్కడివండి ఇవి?"

"స్టోరు నుంచి తెప్పించాను."

"పడుకున్నా తియ్యనన్నాడండి ఆ కుర్రాడు. ఇది ఇక్కడుంటే అతనెక్కడున్నాడు?"

అప్పుడు ఆయనకి అర్థమైంది. రుమాలు మళ్ళీ మూసెయ్యబోయి ఆగిపోయారు. బయట గచ్చు మీద ఎవరో బిందె దించిన చప్పుడైంది.

"తెప్పించాను మాస్టారూ. అంతవరకే నేను చెప్పగలను."

"మీ అల్లుడి బొమ్మకి కూడా మార్పు చీటీ రాలేదండి. మీకు తెలుసా?"

"తెలుసు." ఆయన గొంతు పెరగలేదు. "మీకంటే రెండు నెలల ముందే తెలుసు. శనివారం ఉత్తరం చదువుతాను, నా కూతురు రెండు ముద్దలు తింటుంది. మీ సిద్ధాంతం దానికి అన్నం పెట్టదు కదండి? శుక్రవారం నాటికి కన్ను పెట్టెయ్యండి. లేకపోతే ఇంకొకడు పెడతాడు, మిమ్మల్ని లాకు మీదికి పంపుతారు. నేను ఆపలేను."

రుమాలు నా బల్ల మీదే వదిలేసి వెళ్ళారు.

229వ రోజు

రత్నమణికి కబురు పెట్టాను. అంతకుముందే నేను నేర్చుకుని పెట్టుకున్న మాటలున్నాయి, ధైర్యం, త్యాగం లాంటివి కాకుండా మర్యాదైనవి. ఒక్కటీ వాడలేదు. రుమాలు విప్పాను.

ఆమె జోడు తీసుకోలేదు. ముడి మాత్రం వేలితో ముట్టుకుంది. "నా ముడే" అంది. "తడిస్తే బిగుస్తాది. ఇది బాగా తడిసింది."

పెళ్ళికొడుకు కుర్చీ ముందు, కింద గచ్చు మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. "చుక్క పెట్టుంటే నాకు ఉత్తరాలొచ్చేవి" అంది.

"వచ్చేవి."

"వాడు చచ్చాక కూడా."

"ఎన్నాళ్ళయినా. ముద్ర ఉంటే అతని పేరుతో ఎవడైనా రాయొచ్చు."

"ఇక్కడ గోడకున్నోళ్ళలో ఎంతమందికి అలా వస్తన్నాయి?"

"ముప్పై ఒక్కమందికి అయ్యుండొచ్చు. నాకు ఖాయంగా తెలీదు."

"వాటికి చుక్కలెవరు పెట్టేరు?"

"నేనే."

అప్పుడు లేచింది. 'అండి' పోయింది, 'మాస్టారు' పోయింది.

"నా తమ్ముడొక్కడికే మాట నిలబెట్టుకుని, పెద్దమనిషిలా నాకు కబురెట్టేవా? వాడు నోరున్నోడు, కాబట్టి అడిగేడు. అడగలేనోళ్ళ మొహాల మీద పెట్టుకుంటూ పోయేవా? వాళ్ళమ్మలు వచ్చి నీకు దణ్ణాలెడతా ఉంటే, తీసుకున్నావా ఆ దణ్ణాలు?"

తీసుకున్నాను.

"ఏం చేస్తావిప్పుడు? గోడ మీద రాస్తావా? నీకది బా అలవాటంట కదా."

రాయడం సులువు. రాసినా ఎవరు నమ్ముతారు? నమ్మేది చుక్కనే.

231వ రోజు, శుక్రవారం

తెల్లారుతూనే వచ్చాను. రత్నమణి గేటు దగ్గర ఉంది, వలలు కోసే బ్లేడు తెచ్చింది. నా గెడ్డం బ్లేడు కంటే సన్ననిది. కాపలావాడికి బొమ్మలు తుడిచే మనిషి అని చెప్పి లోపలికి తెచ్చాను. నిజంగానే ఉప్పు తుడిచింది, నా ముందు ముందు నడుస్తూ.

మొదట కళ్ళు మూసేద్దామనుకున్నాను. రెప్పలు గీస్తే సరి, చచ్చిపోయారని చెప్పినట్టు. రత్నమణే ఆపింది. "ఒకడు బతికుంటే? నువ్వే చంపినోడివవుతావు. నీకు తెలిసిందే చెప్పు." నాకు తెలిసింది ఒక్కటే, నేను చూడలేదని. కాబట్టి చుక్కలు గీకేశాను. నేను పెట్టినవి నేను తీశాను. అరవై రెండు చుక్కలు. తెల్లరంగు పొలుసుల్లా లేచి గోళ్ళలో ఇరుక్కుంది. ఒక్కో బొమ్మ కింద "ఎదురుగా ఉండగా" కొట్టేసి, "ఎదురుగా లేడు. నేను చూడలేదు. జక్కుల దాసు" అని రాశాను. చుక్క తీసేస్తే మొహం చావదు. ఇంకా మొదలుపెట్టనట్టు ఉంటుంది, అంతే. అది చావుకన్నా కష్టం చూడ్డానికి.

పద్నాలుగో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. ఆగలేదని రాయను. తర్వాత గీకాను.

కన్ను లేనివాటిలో ముప్పై రెండోదిగా పాదం బొమ్మ కట్టాను. దాని కింద గూట్లో జోడు పెట్టింది వాళ్ళక్క.

పదికి అయిదు నిమిషాలుండగా గవరయ్యగారు తాళంచెవులతో వచ్చారు. వంటశాల అంతా ఒకసారి కలియజూశారు. గార్డుని పిలుస్తారనుకున్నాను. నేరుగా పద్నాలుగో బొమ్మ దగ్గరికి నడిచారు. జేబులో చెయ్యి పెట్టారు. ఉత్తరం అంచు కనపడింది, రేపు చదవాల్సింది.

"ఇది కూడానా మాస్టారూ?"

"అదీనండి."

"లైన్లో మూడోది మా లీలావతి" అన్నారు.

బయట ఆడవాళ్ళ గొంతులు. ఎవరో తలుపు తడుతున్నారు, పదయిందండీ అని. ఆయన అక్కడే నిలబడి ఆ మొహం మీది ఉప్పు రుమాలుతో తుడిచారు. నిదానంగా, చెవి వెనక దాకా. జోడు చుట్టి తెచ్చిన అదే రుమాలు, నిన్ననే తిరిగిచ్చాను. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను తియ్యలేనండి. మీరు తియ్యండి" అని గోడవైపు తిరిగి నిలబడ్డారు.

తాళంచెవి బల్ల మీద ఉంది. ఈ నాలుగు ముక్కలూ పూర్తిచేసి లేస్తాను. తలుపు తీయగానే మొదట వచ్చే ముసలమ్మ బొమ్మ చూసి, కన్నేదయ్యా అని అడుగుతుంది. నేను చూడలేదమ్మా అని చెప్పాలి. ముప్పై ఒక్కసార్లు.

పేరు: శీలం ఏసుపాదం, రచయిత.
ఊరు: ఉప్పరలంక.
కూర్చున్నది: మూడు పూటలు.
కన్ను: పెట్టలేదు.